మామగారి పేరున్న చెట్టు

మే 3

ఇవాళ ఒక మనిషి మా వాకిట్లో నిలబడి మామగారి పేరు పలికాడు.

గొంతెత్తి, ఏ జంకూ లేకుండా, క్యాబేజీ ధర అడిగినంత తేలిగ్గా. నేను తుహావ్ పచ్చడికి ఆ అడవి అల్లం కాడలు తరుగుతున్నాను. చెయ్యి జారి వేలు తెగింది. ఆ పేరు నా చెవిన పడి ఎన్నేళ్ళయిందో. కోడలిని, నేను పలకను. రాయను కూడా. రాస్తే పలికినట్టా కాదా అని ఒకసారి ఫాదర్ గారిని అడిగితే, అదంతా పాతకాలం భయమమ్మా అని నవ్వారు. మా అమ్మనడిగితే రాసినా పొట్ట ఉబ్బుతుందంది. ఉబ్బేది ఫాదర్ గారి పొట్ట కాదు కాబట్టి నేను అమ్మ మాటే వింటాను.

ఆ పేరుకి ముందూ వెనకా ఏమీ తగిలించకుండా, "ఇంకా బతికేనా?" అన్నాడు. మనిషినైనా మానునైనా మా దుసున్ మాటలో ఒకేలా అడుగుతాం, కొంప ముంచింది అదే. ఆరోగ్య శాఖ వాళ్ళు ముసలివాళ్ళ వాకబుకి వచ్చారనుకున్నాను.

"బతికే," అన్నాను. "ఈమధ్య కాస్త వంగుడు."

ఆయన మొహం వెలిగిపోయింది. చుట్టుకొలత ఎంత ఉండొచ్చని అడిగాడు. ఒకప్పుడు బాగానే ఉండేది, రెండేళ్ళుగా తగ్గిందన్నాను. తొర్ర పడిందా అన్నాడు. పళ్ళు పోయాయి, అంతేనన్నాను. అది కూడా శ్రద్ధగా రాసుకున్నాడు.

"మరి కాపు?"

ఈ కాలం ఆఫీసర్లకి సిగ్గూ ఎగ్గూ లేదనుకున్నాను. "ఆఖరి కాపు మా ఆయనే. ఆ తర్వాత ఏమీ లేదు."

ఆయన కలం ఆగింది. తర్వాత, చిన్న ముక్క కోసుకెళ్తాను, పెద్ద గాయమేం కాదంటూ సంచిలోంచి కత్తి తీశాడు. నేను చీపురు తీశాను.

పక్కింట్లోంచి రుపినా అక్క, అంటే మా ఆయన జైబిన్‌కి అన్నగారి భార్య, పరుగెత్తుకొచ్చి అడ్డం పడకపోతే ఇవాళ ఏమయ్యేదో. ఆయన పేరు ఏలియస్. తంబునాన్ వైపు దుసున్ మనిషే, అడవుల పరిశోధన ఆఫీసులో పని. వెతుకుతున్నది మామగారిని కాదు, చెట్టుని. ఆ చెట్టుకీ మామగారికీ ఒకటే పేరు. నాకు కాపురానికొచ్చినప్పటి నుంచి తెలిసిన సంగతే, అయినా ఆ క్షణంలో తట్టలేదు. రుపినా అక్క గట్టు మీద కూలబడి, ఆఖరి కాపు, ఆఖరి కాపు అంటూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. జైబిన్ ఊళ్ళో లేకపోబట్టి బతికిపోయాను.

ఇంత గోల జరుగుతుంటే ముసలాయన లోపలి నుంచి వచ్చారు. ఉతికిన చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని. ఎందుకో తెలీదు.

"ఎవరో పిలిచినట్టుంది?" అన్నారు.

ఏలియస్‌కి సంగతి అర్థమై నాలుక కరుచుకున్నాడు. ఆ పేరుగల పెద్దమనిషి ఎదురుగా ఉన్నారని తెలిశాక ఇక పలకలేదు. "లేదు అకీ, పొరపాటు," అన్నాడు, ఊళ్ళో ముసలివాళ్ళందరినీ తాతా అని పిలిచినట్టే. ముసలాయన కాసేపు నిలబడి లోపలికి వెళ్ళిపోయారు.

మే 4

నాకేం ఆత్రం లేదు. ఆ చెట్టుదేనంటూ నిన్న ఏలియస్ చూపించిన ఎండుటాకు మాత్రం కళ్ళ ముందు ఆడుతోంది. నేను పుట్టకముందు కోసిన ఆకు, తిప్పితే అడుగున ఇంకా రాగి రంగు మెరుస్తోంది.

మే 6

చర్చి వెనక గదిలో దిగాడు ఏలియస్. ఇవాళ ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఓక్ జాతి చెట్టట, దాని పెద్ద కుటుంబం పేరు బీచ్ అట. కొండ మీద బీచేమిటి, సముద్రం ఎప్పుడు ఎక్కిందని రుపినా అక్క అడిగింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, ఆ తర్వాత చెప్పిన మాటకి ఎవరం నవ్వలేదు. ఈ చెట్టు ప్రపంచంలో మన బోర్నియో దీవిలో తప్ప ఎక్కడా లేదు. దీవిలో కూడా మా లొంగుడాన్ వాలు మీద తప్ప ఎక్కడా ఎవరికీ కనబడలేదు. ఆ ఎండుటాకు తర్వాత ఇక్కడ కూడా ఎవరూ చూడలేదు. ఈ ఏడాది ఓక్ చెట్లన్నీ విరగకాశాయి, మళ్ళీ ఇలాంటి కాపు ఎప్పుడో చెప్పలేం. ఇప్పుడు దొరికితే గింజలు దొరుకుతాయి, మొక్కలు లేస్తాయి. లేకపోతే ఆకు ఒక్కటే మిగిలినట్టు.

ఆ చెట్టు మీలో ఎవరైనా చూశారా అని అడిగాడు. పేరు పలకలేదు, ఎండుటాకే ఎత్తి చూపించాడు. అక్కడ మొదలైంది గోల. రుపినా అక్క "పందిమేత" అంటే అదేనంది. నాకు మొదటి నుంచీ అది "టోపీచెట్టు", గింజకి టోపీ ఉంటుంది కదా. మూడో ఇంటి కోడలు దాన్ని "రాతికాయ" అంటుంది. మా ఆడపడుచు మొగుడు అయితే అసలు పేరే పెట్టలేదు, "అదుగో అది" అంటాడు. మేమందరం మామగారికి కోడళ్ళమో అల్లుళ్ళమో. ఎవరి నోటికొచ్చింది వాళ్ళం పెట్టుకున్నాం. మా పిల్లలు మా దగ్గర నేర్చుకున్నారు. ఇప్పుడు ఒకరి పందిమేత ఇంకొకరి రాతికాయేనా కాదా అని తేల్చడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. మర్యాద కోసం నోరు మూసుకుని చెట్టుని పోగొట్టుకున్నామా అనిపించింది.

అసలు గుబులు వేరే ఉంది. మా పై వాలు ఈ నెలాఖరు కోతల పండగ తర్వాత చదును చేయిస్తున్నాం. చేయిద్దామని జైబిన్‌ని రెండేళ్ళు పోరింది నేనే. ఒకరి తోటలో కూలికి క్యాబేజీ కోసి కోసి నడుం విరిగింది, మన తోట మనకుండాలన్నాను. జైబిన్ సండకాన్ రోడ్డు మీద కూరగాయల లారీ తోలుతూ ఇంటిముఖం చూడకుండా ఉన్నది ఆ తోట కోసమే. పొక్లెయిన్ మాట్లాడేశాడు కూడా. ఏలియస్ వేలు పెట్టి చూపించింది సరిగ్గా ఆ వాలునే.

జైబిన్‌కి చెప్పలేదు. చెబితే తోట ఆగిపోతుంది. చెట్టు దొరికాక చెబుతాను, అప్పటికి దాని చుట్టూ కాస్త వదిలితే సరిపోతుంది.

రుపినా అక్క మొగుడికి అడవి ముఖమే తెలియదు. చెట్టు ఎక్కడుందో ముసలాయనకి తెలిసి తీరాలి. సాయంత్రం వక్క దంచి ఇస్తూ అడిగాను. "అకీ, పై వాలు మీద మీ పేరుతో ఒక చెట్టుండాలి కదా, ఎక్కడుంది?"

"ఏ పేరు?" అన్నారు.

"మీ పేరే."

"నాకో పేరుందా?" వక్క బుగ్గన పెట్టుకుని నా వంక కొంటెగా చూశారు. "ఏదీ, అదేదో చెప్పు. చెబితే చూపిస్తాను."

చెప్పలేనని ఆయనకి తెలుసు. ఈ ముసలాయనతో నాకెప్పుడూ ఇంతే. కాపురానికొచ్చిన కొత్తలో కూరలో ఉప్పు ఎక్కువైతే మాట్లాడేవారు కాదు, కుండెడు నీళ్ళు తెచ్చి పళ్ళెం పక్కన పెట్టుకునేవారు.

మే 7

వాగు దగ్గర ఎవరూ లేనప్పుడు ప్రయత్నించాను. మొదటి అక్షరం దాకా వచ్చింది. చుట్టూ చూసి, దగ్గేశాను.

మే 11

ఎంత బాగుందో ఇవాళ. ఎన్నాళ్ళయింది ఇలా అడవిలో తిరిగి. పెళ్ళికి ముందు అమ్మతో పుట్టగొడుగులకి వెళ్ళడమే. ఏలియస్, నేను, రుపినా అక్క పొద్దున్నే ఎక్కాం. తలెత్తితే కాయలు, తల దించితే కాయలు. అడవిపందులన్నీ ఆ పందిజ్వరానికి చచ్చిపోయాక తినే నోళ్ళు లేవు కదా, కాళ్ళ కింద గింజలు దొర్లి రుపినా అక్క రెండుసార్లు కూర్చుండిపోయింది. పందులుంటే ఈ పాటికి నేల నున్నగా ఉండేదని వాటిని తలుచుకుని కాసేపు బాధపడింది కూడా. వాటి వేపుడు తలుచుకుని అయ్యుంటుంది.

నేను "అదిగో టోపీచెట్టు" అన్నాను. ఏలియస్ ఆకు తిప్పి చూశాడు, అడుగున పచ్చగానే ఉంది. కాదన్నాడు. ఇంకోటి చూపించాను. కాదు. ఇంకోటి. ఓక్ జాతిలో ప్రతిదానికీ టోపీ ఉంటుందట. ఒకదానిది గిన్నెలాగా, ఒకదానిది ముళ్ళతో, ఒకదానిది గింజంతా కప్పేసి. ఇన్నేళ్ళూ నేను ఊరందరినీ "తలకాయ ఉన్న మనిషి" అని పిలుచుకుంటున్నట్టే ఉంది. ఆకులు అందని వాటికి మళ్ళీ చూడాలని ఎర్ర రిబ్బన్లు కట్టుకుంటూ పోయాడు. సాయంత్రానికి వాలంతా పెళ్ళిపందిరిలాగా తయారైంది.

దొరకలేదు. అయినా దిగేటప్పుడు నాకు పాట వచ్చింది. పాడానని రుపినా అక్క ఊరంతా చెప్పింది.

మే 14

జైబిన్ ఫోన్ చేశాడు. చెప్పలేదు. సిగ్నల్ బాగాలేదు.

మే 17

ఏలియస్ మూడుసార్లు ఎక్కి దిగాడు, దొరకలేదు. ముసలాయన మాత్రం అరుగు మీద కూర్చుని, పేరు చెప్పండర్రా చూపిస్తాను అని అందరినీ ఆటపట్టిస్తున్నారు.

ఇవాళ నేను బొసో పులియబెట్టడానికి చేపలు, అన్నం కలిపి జాడీలో అదుముతుంటే వచ్చి పీట వేసుకున్నారు. ఎందుకొచ్చారో అర్థం కాలేదు. చేపల వంక చూస్తూ, మా అత్తగారి బొసో ఘాటు గురించి మొదలుపెట్టారు. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చునే ఆయన్ని పేరు పెట్టి పిలిచేదట. అవతలి గట్టు మీది దున్నలు కూడా తల తిప్పేవట.

"వినబడనట్టు ఉండేవాణ్ణి," అన్నారు. "ఇంకోసారి పిలుస్తుందని."

ఆవిడ పోయాక లుంబిస్ తాత పిలిచేవాడు, ఇద్దరూ చిన్నప్పటి జోడీ. పేరుకి ముందు ఒక బూతు కూడా కలిపేవాడట. పెద్ద జబ్బు వచ్చిన ఏడాది ఆయనా పోయాడు. ఆ తర్వాత ఇక ఎవరూ లేరు.

"కొడుకులు నాన్నా అంటారు. పిల్లలూ మీరూ అకీ అంటారు. లేకపోతే 'ఇదిగో, అన్నం' అంటారు. బాగానే ఉంది," అని నవ్వారు. "ఊళ్ళో అకీలు ఎంతమంది లేరు. కుక్కకి మాత్రం పేరు పెట్టి పిలుస్తున్నారు."

నేనూ నవ్వాను. ఆయన వెళ్ళిపోయాక జాడీ మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాను. మొన్న ఆ ఉతికిన చొక్కా ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఉల్లి తరగలేదు. కళ్ళు మండింది బొసో ఘాటుకే.

మే 21

ఆయనే పొద్దున్న లేచి కర్ర పట్టుకున్నారు. "పేరు పలికే దమ్ము మీకెలాగూ లేదు. రండి నా వెనక." ఏలియస్‌కి బూట్లు తొడుక్కునే తీరిక కూడా ఇవ్వలేదు. సంచి, ఏలియస్ గొట్టం కెమెరా, వెదురులో నీళ్ళు, అన్నీ నేనే మోశాను, బరువే తెలియలేదు.

వాలు మధ్యదాకా ఆయన నడక చూడాలి. ఇక్కడ వల పన్నాను, ఇక్కడ లుంబిస్ గాడు చెట్టు మీంచి పడ్డాడు అంటూ ఆగకుండా చెప్పుకుంటూ పోయారు. ఆయన్ని కన్నది ఆ చెట్టు కిందేనట. వాళ్ళమ్మ పొలం నుంచి దిగుతూ నొప్పులొచ్చి ఆగిపోయిందట. అందుకే ఆ పేరు.

ఒక పెద్ద చెట్టు దగ్గర కర్ర పాతి, "ఇదీ," అన్నారు. ఏలియస్ ఆకు తిప్పాడు. పచ్చగానే ఉంది. నా వంక చూశాడు. ముసలాయన కూడా చూశారు. కాస్త పైకి నడిచి ఇంకోదాన్ని చూపించారు. అదీ కాదు. తర్వాత అటూ ఇటూ వేగంగా తిరగడం మొదలుపెట్టారు. ఇక్కడ ఒక దారి ఉండాలి, ఎవడు పూడ్చాడు, ఇక్కడ ఒక బండ ఉండాలి, బండలు కూడా నడుస్తున్నాయా అని అడవిని తిట్టారు. నేను వెనకే వెళ్ళాను. రిబ్బన్లు ఒకదాని మీద ఒకటి కనబడుతున్నాయి, ఎక్కిన చోటికే మళ్ళీ వచ్చాం.

చివరికి ఒక వేరు మీద కూర్చుండిపోయారు. నా వైపు చూడకుండా అన్నారు.

"పేరు చెబితే చూపిస్తానన్నాను కదా. మీరు చెప్పరని తెలుసు, అందుకే అన్నాను."

ఏలియస్ దూరంగా వెళ్ళి ఏదో కొలుస్తున్నట్టు నిలబడ్డాడు. మంచివాడు. నేను వెదురు నీళ్ళు ఇచ్చాను. ఆయన తాగలేదు, చేతులు కడుక్కున్నారు.

మే 22

ఆయన అన్నం ముట్టలేదు. ఏలియస్ ఇంకో వారం ఉంటానన్నాడు. మాటలో ఆశ లేదు.

మే 24

జైబిన్ ఫోన్. సిగ్నల్ బాగుంది. చెప్పలేదు. పండక్కి వస్తాడు కదా, అప్పుడు ఎదురుగా చెబుదాం. లారీ తోలేవాడికి చెట్ల సంగతి ఏం తెలుస్తుంది, చెప్పి మాత్రం లాభమేమిటి. నీకో బహుమతి తెస్తున్నాను, కనిపెట్టు చూద్దాం అన్నాడు. చెప్పులనుకుంటాను, పాతవి తెగాయని పోయినసారి అన్నాను.

మే 27

అన్నం కూడా వండకుండా ముందు ఇది రాస్తున్నాను.

ఇవాళ ముసలాయన్ని టౌను క్లినిక్‌కి తీసుకెళ్ళే రోజు. ఆ అడవి నుంచి దిగినప్పటి నుంచీ మాట తగ్గింది. మినీబస్సులో కూడా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. క్లినిక్ నిండా జనం, సగం మంది మా ఊరి వైపు వాళ్ళే. చీటీ తీసుకున్నాం. గోడ మీద ఎర్రగా అంకెలు మారుతున్నాయి.

"ఇదివరకు నర్సు తలుపు దగ్గర నిలబడి పిలిచేది," అన్నారు, అంకెల వైపు చూస్తూ. "రెండోసారి పిలిచేదాకా లేచేవాణ్ణి కాదు. ఇప్పుడు నేను యాభై రెండు."

నేనేదో అనబోతుంటే ఫోన్ మోగింది. జైబిన్. వెనక భయంకరమైన చప్పుడు.

"బహుమతి వచ్చేసింది," అని అరుస్తున్నాడు. పొక్లెయిన్ వాడికి నాలుగు రోజులు ఖాళీ దొరికిందట. నేను పండక్కి ముందే చదునైన నేల చూసుకోవాలని లారీ వేరేవాడికి అప్పజెప్పి పొద్దున్నే ఊళ్ళో దిగాడు. కింది నుంచి మొదలుపెట్టి సగం వాలు ఎక్కేశారు. మధ్యాహ్నానికి పైదాకా అయిపోతుంది. గొంతులో ఎంత సంతోషమో. పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చిన రోజు కూడా ఇంత సంతోషంగా మాట్లాడలేదు.

ఆపమన్నాను. వినబడలేదు. లేచి నిలబడి అరిచాను, ఆపు, అక్కడ ఒక చెట్టుంది.

"వందలున్నాయి. ఏ చెట్టు?"

టోపీచెట్టు అన్నాను. ఏ టోపీ, ఎవరి టోపీ అంటున్నాడు. రిబ్బన్లున్నాయి చూడు అన్నాను. రిబ్బన్లు అన్నిటికీ ఉన్నాయి, అవన్నీ వదిలితే క్యాబేజీ నా నెత్తి మీద పెంచాలా అన్నాడు. మీ నాన్నది, మీ నాన్న పేరుది అని చెబుతుంటే మాట తెగి తెగి వెళ్తోంది. ఆయనకి చేరింది "నాన్న చెట్టు" ఒక్కటే.

"నాన్న నాటిన పంపరపనసేగా? దానికేం కాలేదు, కింద అలాగే ఉంది. ఒక్క ముక్కలో చెప్పవే, బండి చప్పుడు."

ఒక్క ముక్కలో. ఆ ఒక్క ముక్క నా పక్క కుర్చీలో కూర్చుని ఉంది. చుట్టూ ఊరి జనం. వెనక వరసలో మూడో ఇంటి కోడలి తల్లి. కడుపులో నిజంగానే ఏదో ఉబ్బినట్టయింది. తర్వాత ఏం ఆలోచించానో గుర్తులేదు, ఏమీ ఆలోచించలేదనుకుంటాను.

"తింబారన్," అని అరిచాను. "తింబారన్. తింబారన్ జోలికి పోకు."

హాల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఫోన్లో చప్పుడు మూలిగి మూలిగి ఆగింది.

"బండ వెనకదా?" అన్నాడు జైబిన్, గొంతు తగ్గించి. "చిన్నప్పుడు నాన్న నన్ను భుజం మీంచి దాని మీదికే ఎక్కించేవాడు. దానికింకా దూరం ఉంది. ఆ మాట ముందే అనొచ్చుగా."

మూడు వారాలు. ఊరంతా వెతికాం. తెలిసినవాడు నా మొగుడే. నేను అడగలేదు, అడిగినా టోపీచెట్టనే అడిగేదాన్ని.

పక్కన కుర్చీ కిర్రుమంది. ముసలాయన లేచారు. చొక్కా పై గుండీ పెట్టుకుని, కర్ర తీసుకుని, "ఆఁ, వస్తున్నా, వస్తున్నా," అంటూ డాక్టర్ గది వైపు నడుస్తున్నారు. గోడ మీద అంకె నలభై ఒకటి. ఎవరూ ఆపలేదు. నలభై ఒకటి చీటీ పట్టుకున్న ఆవిడ కాళ్ళు పక్కకి తీసి దారి ఇచ్చింది. నర్సు ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూసి తలుపు తీసింది.

నేను కూర్చుని ఏడ్చాను. బొసో ఘాటు లేదు, ఏ సాకూ లేదు.

మే 28

దొరికింది దొరికింది దొరికింది.

బండ నిజంగానే ఉంది. పాకుడు పట్టి, తీగలు కప్పేసి, పక్క నుంచి నడిచినా కనబడదు. దాని వెనక నిలబడి ఉంది. మరీ పెద్దదేం కాదు, కాస్త వంగుడు. జైబిన్ పైకెక్కి కొమ్మ వంచాడు, ఏలియస్ ఆకు తిప్పాడు. రాగి. ఎండుటాకులో చూసిన దానికి పదింతలు మెరుపు. ఏలియస్ బూట్ల తాళ్ళు కట్టుకోకుండానే పరుగెత్తుకొచ్చాడు. ఆకు చూసి అలాగే నేల మీద కూర్చున్నాడు, గింజల మీద, నొప్పి కూడా తెలియనట్టు. సంచుల నిండా ఏరాం. చుట్టూ చిన్న మొక్కలు రెండు కూడా కనబడ్డాయి. చంటిపిల్లని చూసినట్టు వంగి వంగి చూశాం.

పేరు చెప్పబోయి ఏలియస్ మళ్ళీ నాలుక కరుచుకున్నాడు.

"అనవయ్యా," అన్నారు ముసలాయన. జైబిన్ ఆయన్ని వీపున మోసుకొచ్చాడు. "నువ్వేం నా అల్లుడివి కాదుగా."

పై వాలు వదిలేస్తున్నాం. తోట కింది సగానికే. బాధ లేదని రాస్తే అబద్ధం, రెండేళ్ళు పోరి తెచ్చుకున్న తోట. కానీ జైబిన్ ఒక్క మాటన్నాడు, ముందే చెప్పుంటే కింద కూడా కొన్ని వదిలేవాణ్ణి కదా అని. చెప్పకుండా దాచింది తోట కోసం కాదు, ఆయన సంతోషం చెడుతుందని అని రాద్దామనుకున్నాను. తోట కోసమే.

దిగేముందు రుపినా అక్క పంచాయతీ పెట్టింది. కోడలు మామ పేరు పలికింది, అదీ క్లినిక్ హాల్లో, నలుగురూ వినేట్టు. పెద్దాయనకి కోడి ఇచ్చి చల్లబరచాలి, లేకపోతే ఊరికే అరిష్టం అంది. న్యాయమే. నేను చేతులు కట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. మూడుసార్లు అన్నాను కాబట్టి మూడు కోళ్ళేమో అని లోపల లెక్క వేసుకుంటున్నాను.

ముసలాయన చెట్టు మొదలుకి వీపు ఆన్చి కూర్చున్నారు. నన్ను తేరిపార చూశారు, ఉప్పెక్కువైన రోజుల్లో చూసినట్టే.

"ఎన్ని కోళ్ళున్నాయి నీకు?"

"ఆరు, అకీ."

"ఒక్క ఊపిరిలో అన్నావు, అది ఒకటి కిందే లెక్క." గొంతు సవరించుకున్నారు. మళ్ళీ సవరించుకున్నారు. "అయితే ఇంకా ఐదుసార్లు పిలవొచ్చు."

మే 31

ఇంకా రెండు కోళ్ళున్నాయి.